చెట్లు కోసే మిషన్‌కు స్పార్క్ రాకపోతే

ఎండాకాలం చివర గాలిదుమారం వస్తుంది. నిజాంపేటలో ఒక్క రాత్రి గట్టిగా గాలి కొడితే చాలు, తెల్లారేసరికి ఏదో ఒక సందులో కొమ్మ విరిగి పడి ఉంటుంది. తురాయి చెట్టు పూసినప్పుడు ముచ్చటగా ఉంటుంది. కానీ దాని కట్టె పెళుసు. గాలికి తొందరగా విరుగుతుంది. కారు మీద పడుతుంది. గేటుకు అడ్డం పడుతుంది. అపార్టుమెంటు వాచ్‌మన్ వెంటనే ఫోన్ చేస్తాడు. "అన్నా, మిషన్ పట్టుకొని రా" అంటాడు.

ఆ పొద్దు మిషన్ నడవాలి. నడిస్తే కూలి వస్తుంది. నడవకపోతే ఆ పని పక్క బస్తీవాళ్లకు పోతుంది.

నిజాంపేట ఒకప్పుడు పంచాయతీ ఊరు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత ఇటువైపు కూడా ఇళ్లు లేచాయి, అపార్టుమెంట్లు లేచాయి. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ కలిపి మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. ఇళ్లు పెరిగితే చెట్ల పని తగ్గుతుందనుకుంటాం. తగ్గలేదు. కొమ్మ కిటికీకి తగిలినా కోయమంటారు. పార్కింగ్‌లో ఆకులు రాలినా కోయమంటారు. ఆకులు రాలినందుకే చెట్టును కొట్టించడం నాకు నచ్చదు. చెట్టును మొదలంటా కొట్టాలంటే అనుమతి కూడా కావాలి. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఆ మాట చెబుతుంది. అనుమతి కాగితం ఉందా అని పని చెప్పినవాళ్లను ముందే అడగండి. కొమ్మ కరెంటు తీగ మీద పడి ఉంటే మాత్రం చెయ్యి పెట్టవద్దు. 1912 నంబరుకు ఫోన్ చేయండి. లైన్ ఆపాకే దగ్గరికి పోవాలి.

ఈ పనిలో మిషన్ పట్టేది ఎక్కువగా మగవాళ్లు. కొమ్మలు లాగేది, మోపులు కట్టేది, ట్రాలీకి ఎక్కించేది ఆడవాళ్లు. సాయంత్రం మిషన్ ఇంటికే వస్తుంది. దాన్ని తుడిచేది, వాన తగలకుండా కప్పేది మీరే. అది పాడైతే ఇంటి ఖర్చు సర్దుకోవలసింది కూడా మీరే. అందుకే దాని లోపలి సంగతి మీకు తెలియాలి.

ఈ పాఠం పెట్రోలుతో నడిచే మిషన్ గురించి. కొందరు దాన్ని చైన్ సా అంటారు. కొందరు కట్టర్ మిషన్ అంటారు. కొందరు కోత మిషన్ అంటారు. కరెంటుతో నడిచేవి, బ్యాటరీతో నడిచేవి కూడా ఉన్నాయి. వాటికి ఈ పాఠం పనికిరాదు. గడ్డి కోసే పెట్రోలు మిషన్ గానీ, చేనుకు మందు కొట్టే పెట్రోలు పంపు గానీ ఉంటే వాటికి చాలావరకు పనికొస్తుంది.

మూడు ఉంటేనే ఇంజిన్

గ్యాస్ పొయ్యి ఎట్లా వెలుగుతుంది? గ్యాస్ రావాలి. గాలి తగలాలి. లైటర్ టిక్కుమని నిప్పురవ్వ రాల్చాలి. రవ్వ రాకపోతే గ్యాస్ ఎంత వదిలినా పొయ్యి వెలగదు.

ఇంజిన్ కూడా అంతే. పెట్రోలు, గాలి కలిసి లోపలికి పోతాయి. పిస్టన్ వాటిని గట్టిగా నొక్కుతుంది. సరిగ్గా అప్పుడే ప్లగ్గు కొసన నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వనే స్పార్క్ అంటారు. లోపల మంట అంటుకుంటుంది. ఆ మంట పిస్టన్‌ను నెడుతుంది. చైన్ తిరుగుతుంది.

ఎంత గుంజినా ఇంజిన్ అందుకోలేదంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి లేదు. పెట్రోలు రాకపోవచ్చు. పిస్టన్ అరిగి నొక్కుడు తగ్గిపోవచ్చు. లేదా స్పార్క్ రాకపోవచ్చు. ఏది లేదో చూడకుండానే చాలామంది "కాయిల్ పోయింది" అనేస్తారు. కాయిల్ ఖరీదైన సామాను. ప్లగ్గు దానికంటే చాలా చవక. స్విచ్చు తీగ సరిచేసుకుంటే పైసా ఖర్చు కూడా కాదు. అందుకని చవక వైపు నుంచి చూసుకుంటూ పోవాలి. కాయిల్ దగ్గరికి అన్నిటికంటే చివర రావాలి.

బ్యాటరీ లేని కరెంటు

"బ్యాటరీ లేదు గదా టీచరమ్మా, మరి కరెంటు యాడికెల్లి వస్తది?" అని ఒక అక్క అడిగింది. అడగవలసిన ప్రశ్నే అడిగింది.

మనం తాడు గుంజినప్పుడు లోపల ఒక చక్రం తిరుగుతుంది. దాని పేరు ఫ్లైవీల్. ఆ చక్రం అంచున అయస్కాంతం బిగించి ఉంటుంది. చక్రానికి పక్కనే, తగిలీ తగలనంత దగ్గరగా, కాయిల్ ఉంటుంది. కాయిల్ అంటే ఇనుప రేకుల మీద చుట్టిన రాగి తీగ. అందులో రెండు చుట్టలు ఉంటాయి. ఒకటి లావు తీగ, చుట్లు తక్కువ. రెండోది వెంట్రుక లాంటి సన్న తీగ, వేల చుట్లు.

అయస్కాంతం కాయిల్ ముందు నుంచి పోయిన ప్రతిసారీ లావు తీగలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఒక్కసారిగా తెగినప్పుడు సన్న తీగలో పదివేల వోల్టులకు పైగా వస్తుంది. మన ఇంట్లో బల్బుకు వచ్చేది 230 వోల్టులు. రెండూ పోల్చి చూడండి. అంత జోరు ఉంటేనే ప్లగ్గు కొసన ఉన్న చిన్న సందును కరెంటు దూకగలదు. దూకినప్పుడు కనబడే నీలి వెలుగే స్పార్క్.

అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని కనిపెట్టినాయన మైకేల్ ఫారడే. అది 1831వ సంవత్సరం. ఆయనది ఇంగ్లండు దేశం. తండ్రి కమ్మరి. ఇల్లు బీదది. ఫారడే ఎక్కువ చదువుకోలేదు. పద్నాలుగేళ్ల వయసులో పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనికి కుదిరాడు. ఏడేళ్లు అక్కడే చేశాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలనే విప్పి చదివేవాడు. కరెంటు సంగతి మొదట అట్లాగే తెలుసుకున్నాడు.

తర్వాత 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గొట్లోబ్ హోనోల్డ్ ఇదే ఉపాయంతో ప్లగ్గుకు స్పార్క్ ఇచ్చే మాగ్నెటో తయారు చేశాడు. మన మిషన్‌లో అయస్కాంతం, కాయిల్ కలిసి చేసే పని అదే. మెకానిక్కులు ఇప్పటికీ "మాగ్నెట్ పోయింది" అంటారే, ఆ మాట అక్కడిదే. పెట్రోలుతో నడిచే చైన్ సాను ఆండ్రియాస్ స్టిల్ అనే జర్మన్ 1929లో తెచ్చాడు. అప్పట్లో దాన్ని ఒక్కడు మోయలేడు.

ముట్టుకునే ముందు

ఇది తొందరపడి దాటేసే మాట కాదు.

మనవి చిన్న ఇళ్లు. ఒకే గదిలో పొయ్యి ఉంటుంది, దేవుడి దీపం ఉంటుంది, మూలన మిషన్ ఉంటుంది. పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు. అది గాలికంటే బరువు. పైకి పోదు. నేల వెంబడి పాకుతుంది. మూల నుంచి పొయ్యి దాకా పాకిందంటే, పొయ్యి దగ్గర అంటుకున్న మంట వెనక్కి మిషన్ దాకా వస్తుంది. అందుకని ఇంట్లో ప్లగ్గు విప్పవద్దు. బయట, గాలి ఆడే నీడలో పెట్టుకోండి. పెట్రోలు డబ్బా దూరంగా పెట్టండి. బీడీ కాల్చేవాళ్లను అవతలికి పొమ్మనండి. పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు.

వానలో తడిసిన మిషన్‌ను కొందరు పొయ్యి దగ్గర పెట్టి ఆరబెడతారు. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయవద్దు. గుడ్డతో తుడిచి, గాలికి ఆరనివ్వండి. ఆలస్యమైతే కానివ్వండి.

ఇంజిన్ చల్లారాకే చెయ్యి పెట్టాలి. చైన్ బ్రేక్ వేసి ఉండాలి. మిషన్‌ను నేల మీద ఆనించి, కదలకుండా పట్టుకోవాలి. ప్లగ్గు లోహాన్ని, తీగ కొసను ఉత్త చేత్తో పట్టుకొని తాడు గుంజకూడదు. షాక్ గట్టిగా కొడుతుంది. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు అయితే అక్కడ నిలబడనే కూడదు.

సున్నా, నిలువు గీత

అన్నిటికంటే ముందు స్విచ్చు చూడండి. నవ్వవద్దు. కొమ్మ తగిలి స్విచ్చు పడిపోవడం మామూలే. స్విచ్చు పక్కన ఇంగ్లీషు అక్షరాలు ఉంటే భయపడకండి. చాలా మిషన్ల మీద రెండు గుర్తులు ఉంటాయి. ఒకటి మన సున్నా లాంటిది. సున్నా అంటే ఆగింది. రెండోది ఒక నిలువు గీత. గీత అంటే నడుస్తుంది. స్విచ్చు సున్నా వైపు ఉంటే తెల్లవార్లూ గుంజినా స్పార్క్ రాదు.

ఎందుకు రాదో తెలుసుకుంటే తర్వాతి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఈ స్విచ్చు మన ఇంటి బల్బు స్విచ్చు లాంటిది కాదు. బల్బు స్విచ్చు ఆపితే కరెంటు దారి తెగుతుంది. ఇక్కడ తిరగేసి ఉంటుంది. ఆపినప్పుడు కాయిల్ నుంచి వచ్చిన ఒక సన్న తీగ ఇంజిన్ ఇనుముకు కలుస్తుంది. పుట్టిన కరెంటు ఆ ఇనుములోకే పోతుంది. ప్లగ్గు దాకా ఏమీ రాదు. చెరువు కాలువకు మధ్యలో గండి పడితే చివరి మడికి నీళ్లు వస్తాయా? రావు గదా. ఆపే స్విచ్చు చేసే పని గండి కొట్టడమే. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ప్లగ్గు చెప్పే మాట

పై మూత తీస్తే ప్లగ్గు మీద రబ్బరు టోపీ కనబడుతుంది. ముందు చుట్టూ ఉన్న రంపపు పొట్టును బ్రష్‌తో ఊడ్చేయండి. లేకపోతే ప్లగ్గు విప్పగానే ఆ పొట్టు లోపల పడుతుంది. పిస్టన్‌ను గీరుతుంది. టోపీని పట్టుకొని లాగండి, తీగను పట్టుకొని కాదు. తర్వాత ప్లగ్గు పానాతో విప్పండి.

ఇప్పుడు ప్లగ్గు కొసను చూడండి. రోగి నాలుక చూసి డాక్టరు కొంత చెబుతాడు గదా, ఇదీ అట్లాంటిదే. కొస లేత కాఫీ రంగులో ఉంటే ఇంజిన్ బాగానే మండుతోంది. మసి పట్టి నల్లగా ఉంటే గాలి జల్లెడ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా ఆయిల్ ఎక్కువ పోసి ఉండవచ్చు. కొత్త మిషన్లు చాలావాటికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ చాలు. కొన్నిటికి 40 కావాలి. మిషన్ పుస్తకంలో రాసినంతే పోయాలి. కొస తెల్లగా కాలినట్టు ఉంటే ఇంజిన్ మరీ వేడెక్కుతోంది. అప్పుడు నడపకుండా మెకానిక్‌కు చూపించాలి.

కొస తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే? పెట్రోలు వస్తోంది, కానీ మండడం లేదు. చోక్ ఎక్కువ లాగి గుంజినా తడుస్తుంది. స్పార్క్ లేకపోయినా తడుస్తుంది. తడిసిన ప్లగ్గును గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. మసి ఉంటే ఇత్తడి బ్రష్‌తో గీకండి. మధ్య పుల్లకూ వంకర కొసకూ నడుమ సందు చాలా మిషన్లకు అర మిల్లీమీటరు ఉండాలి. తెల్ల పింగాణీ మీద వెంట్రుకంత పగులు కనబడినా ఆ ప్లగ్గు పారేయండి. కరెంటు ఆ పగుల్లోంచే జారిపోతుంది.

కొత్త ప్లగ్గు కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకొని పోండి. దాని మీద కొన్ని అక్షరాలు, ఒక అంకె ఉంటాయి. ఉదాహరణకు "బీపీఎంఆర్7ఏ" అనే రకం చాలా మిషన్లకు వాడతారు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఫరవాలేదు. పాతదాని మీద ఉన్న అక్షరాల ఆకారం, కొత్తదాని మీద ఉన్న ఆకారం ఒకటేనా అని ఒక్కొక్క అక్షరమే పోల్చండి. అంకె కూడా కలవాలి. దుకాణదారు "ఏదైనా పడతది తీస్కో అమ్మా" అంటే తీసుకోవద్దు. మరలు కలిసినంత మాత్రాన ప్లగ్గు సరిపోయినట్టు కాదు. అంకె వేరైతే వేడి తట్టుకునే తీరు వేరు. పొడుగు వేరైతే లోపల పిస్టన్‌కే తగలవచ్చు.

స్పార్క్ ఉందా, లేదా

ఇప్పుడు అసలు పరీక్ష. ఇద్దరు ఉంటే మంచిది. ఒకరు గుంజాలి, ఒకరు చూడాలి.

పాత ప్లగ్గును ఇంజిన్ రంధ్రంలోనే మళ్లీ బిగించండి. ఎందుకంటే రంధ్రం తెరిచి ఉంటే తాడు గుంజినప్పుడు పెట్రోలు తుంపర బయటికి చిమ్ముతుంది. పక్కనే స్పార్క్ పడితే అంటుకుంటుంది. కొందరు మెకానిక్కులు రంధ్రం తెరిచే పరీక్ష చేస్తారు. వాళ్లను చూసి మీరు చేయవద్దు. పోయిన పెట్రోలు ఏమైనా ఉంటే తుడిచి, ఆరేదాకా ఆగండి.

కొత్త ప్లగ్గును తీగ టోపీలో పెట్టండి. ఆ ప్లగ్గు ఇనుప ఒంటిని ఇంజిన్ లోహానికి ఆనించండి. రంగు వేసిన చోట కాదు, ఉత్త లోహం కనబడే చోట ఆనాలి. రబ్బరు పిడి ఉన్న పట్టుకారుతో టోపీ దగ్గర పట్టుకోండి. స్విచ్చును గీత వైపు పెట్టండి. రెండోవాళ్లు తాడును జోరుగా గుంజాలి. మెల్లగా గుంజితే అయస్కాంతం మెల్లగా కదులుతుంది, స్పార్క్ పుట్టదు. నీడలో చూస్తే సందులో నీలి రవ్వ టక్కుమని కనబడుతుంది.

టోపీలో ప్లగ్గు లేకుండా, లేదా ప్లగ్గును లోహానికి ఆనించకుండా తాడు గుంజవద్దు. దూకడానికి చోటు దొరకని కరెంటు కాయిల్ లోపలే దూకుతుంది. బాగున్న కాయిల్ కూడా అట్లా కాలిపోవచ్చు.

రవ్వ వచ్చిందా? అయితే పాత ప్లగ్గుదే తప్పు కావచ్చు. కొత్తది బిగించి స్టార్ట్ చేయండి. రవ్వ వచ్చినా ఇంజిన్ అందుకోకపోతే లోపం పెట్రోలు దారిలో వెతకాలి. అది వేరే పాఠం.

రవ్వ రాలేదా? టోపీ లోపల చూడండి. చిన్న స్ప్రింగు ఉంటుంది. దాని కొస తీగలోకి గుచ్చుకొని ఉండాలి. అది తుప్పు పట్టినా, తీగ నుంచి ఊడినా ప్లగ్గుకు కరెంటు అందదు. తీగ పొడవునా వేలితో తడమండి. బియ్యం బస్తా పక్కన మిషన్ పెట్టే ఇళ్లలో ఎలుకలు ఈ తీగను కొరుకుతాయి. కొరికిన చోటు చిన్నదే అయినా కరెంటు అక్కడి నుంచే ఇనుములోకి దూకుతుంది. ఈ తీగకు టేపు చుట్టడం పనికిరాదు. అన్ని వేల వోల్టులను టేపు ఆపలేదు.

సన్న తీగ సంగతి

గండి మాట గుర్తుందా? ఆపే స్విచ్చుకు పోయే సన్న తీగ కాయిల్ దగ్గర మొదలవుతుంది. మూత కింద నుంచి, పిడి పక్క నుంచి స్విచ్చు దాకా పోతుంది. మిషన్ నడిచినంతసేపూ అదురుతూనే ఉంటుంది. ఆ అదురుకు తీగ ఇనుము అంచు మీద రాసుకుంటుంది. కొన్ని నెలలకు పైన ఉన్న ప్లాస్టిక్ అరిగి రాగి బయటపడుతుంది. రాగి ఇనుముకు తగిలిందంటే స్విచ్చు ఆపినట్టే లెక్క. స్విచ్చు మాత్రం గీత వైపే ఉంటుంది. చూసేవాళ్లకు ఏమీ తెలియదు.

ఒక బస్తీలో భార్యాభర్తలు సెకండ్ హ్యాండ్ మిషన్ కొన్నారు. సంఘంలో అప్పు తీసుకొని కొన్నారు. వానలు మొదలైన వారానికే అది ఆగిపోయింది. ఒక షాపులో చూడకుండానే కాయిల్ మార్చాలన్నారు. సగం పైసలు ముందే కట్టమన్నారు. ఆ నెల అప్పు కిస్తు కోసం దాచిన పైసలు తప్ప ఇంట్లో ఇంకేమీ లేవు. ఆయన తీసి ఇవ్వబోయాడు. ఆమె ఆపింది.

"జర ఆగు. ఆ సన్న తీగ ఇప్పి ఒక్కసారి గుంజి చూద్దాం."

"నీకేం ఎరుక మిషన్ సంగతి?"

"ఎరుక లేకుంటే పోయేదేముంది? ఇప్పుడైతే స్పార్క్ లేనే లేదు గదా."

ఇంటికి తెచ్చి, తాడు వైపు మూత నాలుగు స్క్రూలు తీశారు. కాయిల్ నుంచి సన్న తీగను ఊడదీశారు. కొత్త ప్లగ్గును లోహానికి ఆనించి గుంజారు. నీలి రవ్వ వచ్చింది. మళ్లీ తీగ తగిలించి గుంజారు. రాలేదు. అంటే కాయిల్ బాగుంది. అయస్కాంతం బాగుంది. తప్పంతా ఆ తీగది లేదా స్విచ్చుది. వెతికితే పిడి కింద తీగ అరిగిన చోటు దొరికింది. గోరంత చోటు. అక్కడ టేపు చుట్టి, మళ్లీ రాసుకోకుండా పక్కకు కట్టారు. ఇది తక్కువ వోల్టుల తీగ, దీనికి టేపు సరిపోతుంది. కిస్తు పైసలు కిస్తుకే పోయాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సన్న తీగ ఊడదీసింది పరీక్ష కోసమే. అట్లాగే వదిలేసి మిషన్ నడపకూడదు. ఆ తీగ లేకపోతే స్విచ్చు కొట్టినా ఇంజిన్ ఆగదు. చెట్టు మీద ఉన్న మనిషి చేతిలో ఆగని మిషన్ ఉంటే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. ఎప్పుడైనా స్విచ్చు పనిచేయక ఇంజిన్ ఆగకపోతే చోక్ పూర్తిగా వేయండి. గాలి అందక ఆగిపోతుంది.

చివరికి కాయిల్

సన్న తీగ విప్పినా రవ్వ రాకపోతే అప్పుడు కాయిల్ వైపు చూడాలి. అప్పుడు కూడా కొత్తది కొనడం కాదు, ముందు చూడడం. కాయిల్ రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. అదురుకు అవి వదులవుతాయి. వదులైతే కాయిల్ అయస్కాంతానికి దూరం జరుగుతుంది, లేదా చక్రానికి తగిలి గీసుకుంటుంది. చక్రం మీద, కాయిల్ కాళ్ల మీద తుప్పు ఉంటే గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి. స్క్రూలు కూర్చునే చోట కూడా తుప్పు ఉండకూడదు.

రెండింటి నడుమ సందు చాలా మిషన్లకు ఇంచుమించు 0.3 మిల్లీమీటర్లు. మెకానిక్కులు దీనికి విజిటింగ్ కార్డు వాడతారు. స్క్రూలు వదులు చేసి, కార్డును అయస్కాంతానికీ కాయిల్‌కూ మధ్య పెడతారు. అయస్కాంతమే కాయిల్‌ను దగ్గరికి లాక్కుంటుంది. అట్లాగే స్క్రూలు బిగించి కార్డు లాగేస్తారు. చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూస్తారు. పావు గంట పని. చక్రాన్ని విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. దానికి వేరే పనిముట్టు కావాలి.

పొద్దున బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోయి, చల్లారితే మళ్లీ నడిచే మిషన్లు ఉంటాయి. వేడిగా ఆగిన వెంటనే స్పార్క్ చూడండి. ఇంజిన్ కాలుతుంది, జాగ్రత్త. అప్పుడు రవ్వ లేక, చల్లారాక వస్తే కాయిల్ లోపల తీగ తెగుతూ కలుస్తూ ఉన్నట్టే. దాన్ని బాగుచేయలేం. మార్చాల్సిందే.

షాపుకు పోయేటప్పుడు నోటితో చెప్పే బదులు ఒక చీటీ రాసుకొని పోండి. ఇట్లా:

కొత్త ప్లగ్గు పెట్టి చూశాం. స్పార్క్ లేదు.
టోపీ, లావు తీగ చూశాం. బాగున్నాయి.
సన్న తీగ విప్పి చూశాం. స్పార్క్ లేదు.
కాయిల్ సందు సరిచేశాం. స్పార్క్ లేదు.

ఈ నాలుగు వరుసలు చదివిన మెకానిక్ మళ్లీ మొదటి నుంచి మీ పైసలతో వెతకడు. పని మొదలుపెట్టక ముందే కాయిల్ ధర ఎంత, కూలి ఎంత అని వేరువేరుగా అడిగి, అదే చీటీ వెనక రాయించుకోండి. పాత కాయిల్ తిరిగి ఇమ్మని అడగండి. అది మీ సామాను. కొత్తది వేశాక షాపు ముందే స్టార్ట్ చేయించండి. తర్వాత స్విచ్చును సున్నా వైపు కొట్టమనండి. ఇంజిన్ వెంటనే ఆగిందా చూసి, అప్పుడు పైసలు ఇవ్వండి.